బండి కింద నల్ల మచ్చ: దగ్గరుండి ఆయిల్ మార్పించుకున్న నా అనుభవం

ఏప్రిల్ రెండో వారం. పొద్దున్నే బ్యాంకుకి బయల్దేరి కిందికి దిగేసరికి, కింది వాటాలో ఉండే బాబాయి గారు పార్కింగ్‌లో నడుం వంచి నేల వంక చూస్తున్నారు.

"అమ్మాయ్, ఇది నీ బండిదే. నిన్న కూడా చూశాను. ఇవాళ ఇంకాస్త పెద్దదయింది."

తెల్లటి టైలు మీద పది రూపాయల బిళ్ళంత నల్ల మచ్చ. ఆయన వేలితో అద్ది, రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, "ఇంజన్ ఆయిలే" అని తేల్చేశారు.

"సర్వీసింగ్ చేయించి ఇంకా నెల కూడా కాలేదండీ" అన్నాను. గుండె గుభేలుమంది. ఆ కారు లేకపోతే నాకు రోజు గడవదు.

బండి సంగతి చెప్పాలి. మా పిన్ని కొడుకు ఉద్యోగం మీద పుణె వెళ్ళిపోతూ తన మారుతి కారు నాకు అమ్మాడు. 2015 మోడల్, పెట్రోలుది, అప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది. అంతకు ముందు నాకు స్కూటీ తప్ప వేరే బండి లేదు. విజయవాడలోని పటమట నుంచి గుడివాడ బ్రాంచికి బదిలీ అయ్యాక, కంకిపాడు మీదుగా రోజూ రానూ పోనూ ఎనభై కిలోమీటర్లకు పైనే. డ్రైవింగ్ త్వరగానే వచ్చింది. బానెట్టు కింద ఏముందో మాత్రం తెలియదు. ఏ హుక్కు లాగితే బానెట్టు తెరుచుకుంటుందో కూడా తెలియకుండా నాలుగు నెలలు నడిపాను.

మార్చిలో సర్వీసింగ్ టైమయిందని ఊళ్ళో ఒక సర్వీస్ సెంటర్లో ఇచ్చాను. పేరు చెప్పను, అవసరం కూడా లేదు. ఏసీ గదిలో కూర్చోబెట్టారు, కాఫీ ఇచ్చారు. ఒకబ్బాయి కాగితాలు పట్టుకొచ్చి, "మేడం, ఇంజన్ ఫ్లష్ చేయిద్దామా? ఇంజన్ కోటింగ్ కూడా ఉంది, బండికి చాలా మంచిది" అన్నాడు. బండికి మంచిదంటే వద్దనడానికి నా దగ్గర మాట లేదు. సంతకం పెట్టాను. సాయంత్రం బిల్లు 6,840 రూపాయలు. కడిగి మెరిపించి ఇచ్చారు. అద్దంలా ఉన్న బండిని చూసి లోపల పని కూడా అలాగే జరిగి ఉంటుందనుకున్నాను.

బాబాయి గారు ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పి వల్ల ఇప్పుడు కింద కూర్చోలేరు గానీ చెయ్యి మాత్రం ఊరుకోదు. "బానెట్టు తియ్యమ్మా, గేజి చూద్దాం" అన్నారు. మెకానిక్కులు గేజి అనేదాన్నే పుస్తకాల్లో డిప్‌స్టిక్ అంటారు. ఇంజన్లోకి దిగి ఉండే సన్నటి రేకు కడ్డీ, పైన వేలు దూరేంత పిడి.

"రాత్రంతా ఆగి ఉంది కదా, ఆయిలంతా కిందికి దిగి ఉంటుంది. బండి సమంగా ఉన్న నేల మీదుంది. గేజి చూడ్డానికి ఇదే సరైన వేళ" అంటూ నా చేతికి పాత బనియను గుడ్డ ఇచ్చారు. నేనే లాగాలట. లాగాను. కొనంతా ఆయిల్ పూసుకుని ఉంది, ఏమీ అర్థం కాలేదు. "మొదటిసారి చూసిందాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. తుడిచెయ్యి. మళ్ళీ చివరంటా దింపు. ఇప్పుడు తియ్యి."

కడ్డీ చివర రెండు గుర్తులున్నాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి. కింది గుర్తు కంటే తగ్గితే పొయ్యాలి. పై గుర్తు దాటకూడదు. నా బండిలో పై గుర్తు మీద ఇంకో అర అంగుళం దాకా ఎక్కి ఉంది.

"కారుతోంది కదా, తగ్గాలి గానీ ఎక్కువుండడమేమిటండీ?"

"అదే నేనూ చూస్తున్నది. కారుతోంది చుక్కచుక్కగానే. ముందు పోసిందే ఎక్కువ." బిల్లు తెమ్మన్నారు. అందులో ఆయిల్ మూడున్నర లీటర్లని ఉంది. డాష్‌బోర్డు అరలో, నేను ఏనాడూ కవరు విప్పని మాన్యువల్ ఉంది. అందులో వెతికి పట్టుకున్నాను. ఫిల్టరుతో కలిపి ఈ ఇంజన్ పట్టేది మూడు లీటర్లు, పైన కొంచెం. అంటే డబ్బా మొత్తం వంచేశారు. గేజి తీసి చూసిన వాళ్ళు లేరు.

ఎక్కువైతే నష్టమేమిటని అడిగాను. నూనె ఎక్కువుంటే మంచిదే కదా అనిపించింది నాకు, వంటింటి లెక్కలో. ఆయన అక్కడే స్టూలు వేసుకుని కూర్చుని చెప్పారు. ఇంజన్ అడుగున ఛాంబరుంటుంది, ఆయిల్ నిలవ ఉండేది అందులోనే. దానికి పైన, పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటుంది. ఆయిల్ మట్టం క్రాంకుకి తగిలేంత ఎక్కితే కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. నురగ వస్తుంది. పంపు ఆ నురగని తోడి బేరింగుల దగ్గరికి పంపితే ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండాల్సిన పొరలో గాలి బుడగలుంటాయి. నురగ ఇనుముని కాపాడలేదు. పైగా ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్ళ మీద ఒత్తిడి పడుతుంది. ఆయిల్ చేసే పని ఒక్క జారుడే కాదని కూడా అప్పుడే తెలిసింది. పిస్టన్ల దగ్గరి వేడిని మోసుకొచ్చేదీ, మసినీ ఇనుప రజనునీ తనలో పెట్టుకుని ఫిల్టరు దాకా తెచ్చేదీ అదే. "ఆయిల్ నల్లబడిందని కంగారు పడతారు. నల్లబడిందంటే మురికిని పట్టుకుందన్నమాట. బస్సుల డీజిల్ ఇంజన్లలో ఐతే కొత్త ఆయిల్ పోసిన ఒకటి రెండు రోజులకే నల్లగా అయిపోయేది. రంగు చూసి మార్చరు. కిలోమీటర్లూ నెలలూ చూసి మారుస్తారు" అన్నారు.

డాష్‌బోర్డు మీద వెలిగే ముక్కుచెంబు ఆకారం ఎర్ర లైటు గురించి కూడా అడిగాను. అది వెలగట్లేదు కదా, అంతా బాగానే ఉన్నట్టు కాదా అని. అది ఆయిల్ ఎంతుందో చెప్పే లైటు కాదట. పంపు తోడే ఆయిల్ ఒత్తిడి పడిపోతే వెలుగుతుంది. రోడ్డు మీద అది వెలిగితే పక్కకి ఆపి ఇంజన్ కట్టెయ్యాలి, షెడ్డు దాకా నడుపుకుపోదామని చూడకూడదు. కారు నడిపే ప్రతి మనిషికీ ఈ ఒక్క సంగతి మొదటి రోజే చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు.

సర్వీస్ సెంటరుకి ఫోన్ చేశాను. తీసుకురండి చూస్తామన్నారు, చూడ్డానికి వేరే చార్జి ఉంటుందన్నారు. వాళ్ళు చేసిన పని వల్లే కారుతోందని చెబితే, "అది చెక్ చేస్తేగానీ చెప్పలేం మేడం" అన్నారు. మాట మర్యాదగానే ఉంది. కానీ మళ్ళీ ఆ ఏసీ గదిలో కూర్చుని అద్దం అవతల ఏం జరుగుతోందో తెలియకుండా సంతకం పెట్టడానికి మనసొప్పలేదు. ఈసారి నా కళ్ళ ముందు జరగాలి. రెండో శనివారం బ్యాంకుకి సెలవు. అప్పటిదాకా బస్సులోనే గుడివాడ వెళ్ళొచ్చాను.

ఆ మూడు రాత్రులూ మాన్యువల్ చదివాను. తెలుగు మీడియంలో చదువుకున్న దాన్ని, ఇంగ్లీషు సాంకేతిక పదాలు నెమ్మదిగా ఎక్కుతాయి నాకు. అయినా ఓపిగ్గా చదివాక, డబ్బాల మీద ఉండే అంకెలు ఇక బెదిరించలేదు. నా బండికి పొయ్యొచ్చని రాసిన వాటిలో 5డబ్ల్యూ-30 ఒకటి. డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న 5, చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. ఎంత చిన్న అంకైతే అంత తేలిక. వెనకున్న 30, ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. డబ్బా వెనక గుండ్రటి ముద్రలో ఇంకో రెండు అక్షరాలుంటాయి. పెట్రోలు ఇంజన్లకి ఎస్‌తోనూ, డీజిల్ వాటికి సీతోనూ మొదలవుతాయి. ఎస్‌ఎన్ 2010 నాటిది, ఎస్‌పీ 2020లో వచ్చింది. పెట్రోలు వాటిలో రెండో అక్షరం ముందుకెళ్ళే కొద్దీ కొత్త ప్రమాణం, పాతదాని బదులు కొత్తది వాడుకోవచ్చు. ఆయిల్ మార్చాల్సింది పది వేల కిలోమీటర్లకి గానీ ఏడాదికి గానీ, ఏది ముందొస్తే అప్పుడు. నెలకి రెండు వేల దాకా తిరిగే నాకు ఐదు నెలలకే వస్తుంది. ఏడాదికోసారి అనుకుని కూర్చుంటే బండిని చంపుకునేదాన్నే.

శనివారం పొద్దున తొమ్మిదింటికల్లా ఆటోనగర్‌లో ఉన్నాను. విజయవాడ వాళ్ళకి ఆటోనగర్ గురించి చెప్పక్కర్లేదు. లారీలకి బాడీలు కట్టే షెడ్లు, కమాను కట్టలు వేసేవాళ్ళు, లేత్ మిషన్లు, వెల్డింగ్ మెరుపులు, ఏ వీధిలోకి వెళ్ళినా గ్రీజు వాసన. పటమటలో ఇన్నేళ్ళుగా ఉంటూ నేను లోపలికి వెళ్ళడం అదే మొదలు. ఆడవాళ్ళు తక్కువే కనిపించారు. ఒకరిద్దరు తేరిపార చూశారు, తర్వాత ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. మొహమాటపడేంత తీరిక అక్కడెవరికీ లేదు.

ముందు స్పేర్ల దుకాణం. 5డబ్ల్యూ-30 అడిగితే కౌంటరాయన వేరే డబ్బా తీశారు. "మేడం, మన ఎండలకి పల్చటి ఆయిల్ నిలబడదు. 20డబ్ల్యూ-50 తీసుకెళ్ళండి, ఇంజన్ గట్టిగా ఉంటుంది, రేటు కూడా తక్కువ." ఆయన మోసం చెయ్యాలని అన్నారనుకోను, చాలామంది నమ్మే మాటే అది. కానీ నేను చదువుకొచ్చాను. ఇంజన్ లోపల ఆయిల్ వేడెక్కేది ఇంజన్ వేడి వల్ల. బయట విజయవాడ రోహిణి కార్తె ఎండైనా, కొండ మీది చలైనా, వేడెక్కాక లోపల ఆయిల్ ఉండేది ఇంచుమించు 100 డిగ్రీల దగ్గరే. ఆ ఇంజన్లో సందులు ఎంత సన్నగా చేశారో చేసిన వాళ్ళకి తెలుసు, దానికి తగిన చిక్కదనమే రాశారు. "మాన్యువల్లో ఉన్నదే ఇవ్వండి" అన్నాను. ఇచ్చారు, మారు మాట్లాడకుండా.

డబ్బా తీసుకున్నాక మూత కింద సీలు, తయారైన తేదీ, బ్యాచి నంబరు చూశాను. ఖాళీ డబ్బాలు కొని వాటిలో నాసి ఆయిల్ నింపి అమ్మేవాళ్ళున్నారని బాబాయి గారు ముందే హెచ్చరించారు. ఫిల్టరు కంపెనీదే, అట్టపెట్టె సీలుతో. అన్నీ అయ్యాక అడిగాను, బాబాయి గారు ప్రత్యేకంగా చెప్పి పంపిన వస్తువు, ఛాంబరు అడుగున ఆయిల్ దించే బోల్టుకి వేసే రింగు: "డ్రైన్ బోల్టు వాషరు ఒకటివ్వండి." కౌంటరాయన మొదటిసారి తలెత్తి నా వంక సరిగ్గా చూశారు. డ్రాయరు సొరుగులోంచి చిన్న రింగు తీసి అట్ట మీద పెట్టారు. పాతిక రూపాయలు.

షెడ్డు బాబాయి గారికి తెలిసినదే. మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. సాయంగా ఒక కుర్రాడు. "ఆఫీసు రూములో ఫ్యానుంది, కూర్చోండి మేడం, అరగంటలో అయిపోద్ది" అన్నారు మేస్త్రి.

"లేదండీ, దగ్గరుండి చూస్తాను. నేర్చుకోవాలనుంది."

"చూడండమ్మా. దాచేదేముంది ఇందులో" అన్నారు. అక్కడి నుంచి నాకు మేడం పోయి అమ్మా వచ్చింది.

పటమట నుంచి వచ్చిన దూరానికే ఇంజన్ కొద్దిగా వేడెక్కింది. అంతే కావాలట. చల్లగా ఉంటే ఆయిల్ చిక్కగా గోడలకి అంటుకుపోతుంది, మురికి అడుగున ఉండిపోతుంది. బాగా కాగి ఉంటే చేతులు కాలతాయి. లిఫ్టు మీద బండిని లేపారు. నా బండి కడుపు నేను చూడ్డం అదే మొదటిసారి. ఛాంబరు చుట్టూ తడి, దాని మీద అంటుకున్న దుమ్ము, బోల్టు తల దగ్గర వేలాడుతూ ఒక చుక్క. కుర్రాడు పైన ఆయిల్ పోసే మూత విప్పి వదిలేశాడు. గాలి ఆడితే కింద ఆయిల్ గడగడా దిగుతుందట, నూనె డబ్బాకి రెండో వైపు కూడా చిల్లు పెట్టినట్టు. మూత లోపలి వైపు నాకు చూపించాడు. "ఇక్కడ మీగడలాగా తెల్లగా పట్టిందనుకో అక్కా, ఇంజన్లోకి నీళ్ళు దిగుతుండొచ్చు. మీది శుభ్రంగా ఉంది." ఆ మాటకి ఎంత ఊరట కలిగిందో.

మేస్త్రి కింద ట్రే పెట్టి, పాన వేసి బోల్టు వదులు చేశారు. చివరి చుట్లు చేత్తో తిప్పుతూ, బోల్టుని లోపలికి నొక్కి పట్టి, ఒక్కసారిగా పక్కకి లాగేశారు. ఆయిల్ బొటనవేలంత లావున ధారగా దిగింది. రెండు వేల కిలోమీటర్లే తిరిగింది కనుక ఇంకా పూర్తిగా నల్లబడలేదు, పలచటి కషాయంలా ఉంది. నేను ధార వంక చూస్తుంటే మేస్త్రి చేతిలోని బోల్టు వంక చూస్తున్నారు.

"ఇది చూడమ్మా."

బోల్టు మరల చుట్టూ తెల్లటి టేపు చుట్టి ఉంది. కుళాయి పైపులకి ప్లంబర్లు చుట్టే టెఫ్లాన్ టేపు. సగం ఊడి, పీలికలై వేలాడుతోంది. కింద ఉండాల్సిన వాషరు ఉంది, నొక్కుకుపోయి, ఒక పక్క పగిలి. పాత వాషరు పనికి రాదని తెలిసి కూడా, పాతిక రూపాయల కొత్తది వెయ్యకుండా, టేపు చుట్టి బిగించారు. అది నాలుగు వారాలు ఆపి తర్వాత వదిలేసింది.

"కారితే కారింది, అది కనబడుతుంది. ఈ పీలిక లోపలికి పోతే ఏంటి సంగతి? పంపు మూతి దగ్గర జాలీ ఉంటుంది. దానికి అడ్డం పడితే ఆయిల్ పైకెక్కదు" అన్నారు మేస్త్రి. ఆయన గొంతులో కోపం వినిపించింది. నా బండి గురించి నాకంటే ముందు ఆయనకి కోపం వచ్చింది. 6,840 రూపాయల బిల్లులో ఫ్లషింగ్ ఉంది, కోటింగ్ ఉంది, ఏసీ వాసన పోగొట్టే స్ప్రే ఉంది. వాషరు లేదు. ఆ బిల్లు నేను ఆ రోజే చదివుంటే నాకేమైనా అర్థమయ్యేదా? వాషరనేది ఒకటుంటుందని తెలిస్తే కదా లేదని తెలిసేది. అన్ని సెంటర్లూ ఇలాగే ఉంటాయని అనను. వారంటీ ఉన్న కొత్త బండైతే కంపెనీ సెంటరులోనే చేయించి రికార్డు ఉంచుకోవాలి కూడా. కానీ ఆ చేతులు ఆ రోజు ఆ టేపు చుడుతున్నప్పుడు ఎవరూ చూడట్లేదు. ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అక్కడొక సందేహం వచ్చింది. "ఆయిల్ రెండు వేలే తిరిగింది. శుభ్రమైన ట్రేలో పట్టాను. వాషరు మార్చి ఇదే మళ్ళీ పొయ్యొచ్చు, మీ డబ్బు మిగుల్తుంది. మీ ఇష్టం" అన్నారు మేస్త్రి. తన చేతికి వచ్చే పని తగ్గించుకునే సలహా అది, నిజాయితీగానే చెప్పారు. నేను కాసేపు ఆలోచించాను. ఎన్ని టేపు పీలికలు లోపల తిరిగాయో తెలియదు. ఏ డబ్బాలోది పోశారో కూడా తెలియదు, నేను చూడలేదు. కొత్తదే పొయ్యమన్నాను. పీలికలు ఫిల్టరులో ఇరుక్కుని ఉండొచ్చని అదీ మార్చమన్నాను. ట్రేలో ఆయిలుని కుర్రాడు సన్నటి జాలీలోంచి వంచితే రెండు తెల్ల పోగులు తేలాయి. ఛాంబరు విప్పి చూడాల్సినంత లేదనీ, గేజి మీదా లైటు మీదా కన్నేసి ఉంచమనీ చెప్పారు.

ధార సన్నబడి దారమై, దారం చుక్కలయింది. కుర్రాడు బోల్టు పెట్టెయ్యబోతే ఆపాను. "చుక్కలు ఆగే దాకా ఉంచుదామా?" బాబాయి గారు చెప్పి పంపింది అదే: తొందర పడితే పాతది పావు లీటరు లోపలే ఉండిపోతుంది. మేస్త్రి నవ్వి, "ఉంచురా, అమ్మ చెప్పింది కరెక్టే" అని టీ తెప్పించారు. పావుగంట పైనే ఆగాం.

ఈలోగా ఫిల్టరు. అరచేతిలో పట్టే ఇనప డబ్బీలా ఉంటుంది, ఇంజను పక్కన మర మీద బిగించి. బెల్టు పానతో ఒక్క తిప్పు తిప్పితే వదులైంది. అది ఊడాక మేస్త్రి చేసిన మొదటి పని, పాత ఫిల్టరు అంచున నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూడడం. రింగు ఒక్కోసారి ఇంజనుకే అంటుకుపోయి ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్తది బిగిస్తే రింగు మీద రింగు పడి, ఒత్తిడికి ఆయిలంతా రోడ్డు మీద కక్కేస్తుంది. నా పాత ఫిల్టరుకి రింగు ఉంది. ఇంజను వైపు మూతిని కాటన్ వేస్టుతో తుడిచారు.

"ఇది నువ్వే చెయ్యమ్మా" అని కొత్త ఫిల్టరు నా చేతికిచ్చారు. కొత్త ఆయిల్లో వేలు ముంచి రబ్బరు రింగు చుట్టూ రాయాలి. పొడిగా బిగిస్తే రబ్బరు మెలిపడుతుంది, తర్వాత ఊడి రాదు. రాశాను. కింద నిలబడి, చేతులెత్తి, మర కలిసే దాకా మెల్లగా తిప్పాను. రింగు ఇంజనుకి ఆనిన సంగతి చేతికి తెలిసింది. "అక్కడి నుంచి ముప్పావు చుట్టు. చేత్తోనే. పాన వద్దు." ముప్పావు చుట్టుకి మణికట్టు నొప్పి పుట్టింది గానీ బిగిసింది. చేతుల నిండా ఆయిల్. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే ఈ వేళ్ళతో నా బండికి నేను చేసిన మొదటి పని అది, గర్వంగానే ఉంది.

బోల్టు మరలు తుడిచి, టేపు ముక్కలన్నీ సూదిమొనతో గీరి తీసి, కొత్త వాషరు వేసి మేస్త్రి బిగించారు. అది మాత్రం నా చేతికివ్వలేదు. తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే ఛాంబరు మరలు కొట్టుకుపోతాయి, అప్పుడు ఛాంబరే మార్చాలి. పాన మీద ఆయన అరచెయ్యి ఒక చోట ఆగింది. ఎక్కడ ఆగాలో మాటల్లో చెప్పలేనన్నారు.

బండిని దించారు. గరాటా పెట్టి మొదట రెండున్నర లీటర్లే పోయించారు, డబ్బా పక్కన గీతలు చూసి. ఐదు నిమిషాలాగి గేజి. కింది గుర్తు దగ్గర. మరి కాస్త. మళ్ళీ గేజి. అప్పుడు మూత బిగించి, "స్టార్ట్ చెయ్యమ్మా, ఎక్సిలేటరు తొక్కొద్దు. లైటు చూడు" అన్నారు. ముక్కుచెంబు లైటు వెలిగింది, రెండు మూడు సెకన్లుంది, ఆరిపోయింది. ఖాళీ ఫిల్టరులోకి ఆయిల్ నిండే దాకా ఉంటుందట ఆ కాస్తసేపు. నిమిషం నడిపి ఆపేశాం. కుర్రాడు లైటు పట్టుకుని కిందికి దూరాడు. బోల్టు దగ్గర పొడి, ఫిల్టరు దగ్గర పొడి. మళ్ళీ ఐదు నిమిషాలాగి గేజి తీస్తే మట్టం కాస్త దిగింది, ఫిల్టరు తాగిన మేరకి. ఇంకొంచెం పోస్తే పై గుర్తుకి వెంట్రుకవాసి కిందికి వచ్చి ఆగింది. మూడున్నర లీటర్ల డబ్బాలో దగ్గర దగ్గర నాలుగు వందల మిల్లీలీటర్లు మిగిలింది. మూత పెట్టి, డిక్కీలో పెట్టుకోమని నాకిచ్చేశారు. మార్చిలో ఈ నాలుగు వందలూ కూడా ఇంజన్లోకే వెళ్ళాయి.

తీసిన ఆయిల్ ఏం చేస్తారని అడిగాను. షెడ్డు వెనక మూత ఉన్న పీపా ఉంది, అందులో పోస్తారు. కొనుక్కునే వాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు, శుద్ధి చేసి మళ్ళీ ఆయిల్ చేసే చోటికి పోతుందట. వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకి వస్తుంది, 2016 నాటి కేంద్రం నిబంధనల్లో ఉంది. మా అమ్మమ్మ గారి ఊళ్ళో మడ్డి ఆయిల్ అని తెచ్చి పశువులపాక రాటలకి చెదలు పట్టకుండా పూసేవాళ్ళు, దూడలు ఆ రాటల్నే నాకేవి. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. కాలవలోకో మురుగులోకో వంచితే పంటకాలవల మీద బతికే మా జిల్లాకి అంతకంటే ద్రోహం లేదు. పీపా కళ్ళారా చూశాకే నాకు తృప్తిగా అనిపించింది.

ఖర్చు చెబుతాను. ఆయిల్ 1,720, ఫిల్టరు 115, వాషరు 25, లేబరు 350. మొత్తం 2,210 రూపాయలు. కుర్రాడికి వేరే ఇచ్చాను. మేస్త్రి చిన్న కాగితం మీద తేదీ, 45,130 అని మీటరు రీడింగు, ఆయిల్ నంబరు రాసి డోరు తీస్తే కనబడే చోట అంటించారు. ఇంటికొచ్చి నేనూ ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొదటి పేజీలో బిల్లులు రెండూ అతికించాను, మార్చిదీ ఏప్రిల్‌దీ.

బాబాయి గారు గేటు దగ్గరే ఉన్నారు. జరిగిందంతా చెప్పి, కాగితంలో చుట్టి తెచ్చిన పాత వాషరు చూపించాను. పగుల్ని గోటితో తడిమి, టేపు సంగతి విని, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "డిపోలో ఇలాంటి పని చేసి బండి రూటుకి పంపితే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదమ్మా మాకు. యాభై మందిని ఎక్కించుకుపోయేది కదా" అన్నారు.

టైలు మీది మచ్చ మీద రంపపు పొట్టు పోసి, సాయంత్రానికి ఊడ్చి, సర్ఫుతో రుద్దితే చాలావరకు పోయింది. రాత్రి బండి కింద పాత న్యూస్ పేపర్లు పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా ఇటుకముక్కలు పెట్టాం. ఆదివారం పొద్దున చూస్తే పేపరు పొడిగా ఉంది. సోమవారం పొద్దున కూడా. మంగళవారం ఇంకో పేపరు మార్చి చూశాను, ఒక్క చుక్క లేదు.

ఆ మంగళవారమే, బయల్దేరే ముందు, ఎవరూ చెప్పకుండా బానెట్టు తీశాను. గేజి లాగి, తుడిచి, దింపి, మళ్ళీ లాగాను. ఏమీ కనబడలేదు. ఒక్క క్షణం ప్రాణం పోయినంత పనైంది. అప్పుడే వస్తున్న ఎండకి ఏటవాలుగా తిప్పి పట్టుకుంటే కనిపించింది. కొత్త ఆయిల్, నువ్వుల నూనె రంగులో, ఇంకా మసి పట్టక రేకు మీద కలిసిపోయి ఉంది. రెండు గుర్తుల మధ్య, పైదానికి కాస్త కిందగా. గుడ్డ మడిచి డోరు అరలో పెట్టి, బానెట్టు దించి, ఏడూ ఐదుకి గుడివాడ బయల్దేరాను.